కిబ్లా వేరు, వతన్ వేరు

ఈ దేశంలో ముస్లిం మీద మోపే నేరాల్లో ఒకటి, అతని మొహం ఎటు తిరిగి ఉంటుందన్నది. రోజుకు ఐదుసార్లు పడమటికి తిరిగి నమాజు చేస్తాడు కాబట్టి అతని మనసు కూడా అటే ఉంటుందట. తినేది ఇక్కడ, చూసేది అక్కడ అంటారు. సభల్లో మైకు పట్టుకుని ఈ మాట అనేవాళ్ల సంగతి సరే. మనతో కలిసి ఇరానీ చాయ్ తాగే స్నేహితులు కూడా ఎప్పుడో ఒకప్పుడు నవ్వుతూనే అంటారు: 'మీకేం భాయ్, సౌదీ ఉంది.'

మాకు సౌదీ ఉందా? దీనికి జవాబు మౌల్వీ సాబ్ దగ్గర దొరకదు, లీడర్ల దగ్గరా దొరకదు. అక్కడికి పెళ్లాంపిల్లల్ని తీసుకెళ్లి ఇరవై ముప్పై ఏళ్లు కాపురం చేసి తిరిగొచ్చిన వాళ్లని అడగాలి. అక్కడే పుట్టి, పన్నెండో తరగతి దాకా చదివి, కాలేజీ కోసం ఇక్కడికి వచ్చిపడ్డ పిల్లల్ని అడగాలి. ఉస్మానియా క్యాంపస్‌లో, తార్నాక గల్లీల్లో అద్దె గదుల్లో అలాంటి పిల్లలు కనపడుతూనే ఉంటారు. ఒక నేల మనదని చెప్పుకోడానికి ఏం కావాలి? మతం ఒకటైతే చాలా? అక్కడ పుడితే చాలా? అక్కడ చెమటోడిస్తే చాలా? ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు, ఆ పిల్లల్నుంచి వచ్చింది.

1973లో చమురు ధరలు పెరిగాక గల్ఫ్ దేశాల్లో రోడ్లు, రేవులు, ఆస్పత్రులు, బంగళాలు లేచాయి. కట్టడానికి వాళ్ల దగ్గర డబ్బుంది, చాలినన్ని చేతుల్లేవు. మన దగ్గర చేతులున్నాయి, పని లేదు. 1948 తర్వాత హైదరాబాద్ ముస్లిం మధ్యతరగతికి సర్కారీ నౌకరీలు జారిపోయాయి. ఉర్దూ చదువు అన్నం పెట్టడం మానేసింది. నౌకరీ తప్ప వేరే బతుకు ఎరగని ఇళ్లలోంచి పిల్లలు జిద్దాకి, రియాద్‌కి, దుబాయికి, కువైట్‌కి పోయారు. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి రైతులు, కూలీలు, చేతివృత్తుల వాళ్లు కూడా అదే విమానం ఎక్కారు. అప్పు ఒకటే, ఏజెంటు ఒకడే, ఎండ ఒకటే. నమాజు చేసేవాడైనా, మల్లన్నకు మొక్కేవాడైనా విమానం దిగగానే పాస్‌పోర్టు కఫీల్ చేతిలో పెట్టాల్సిందే.

పోయినవాళ్లలో ఎక్కువమంది ఒంటరిగానే పోయారు. లేబర్ వీజా మీద పోయినవాడికి ఫ్యామిలీ వీజా రాదు. వాళ్ల కాపురాలు క్యాసెట్లలో నడిచాయి. ఇక్కడ భార్య క్యాసెట్‌లో మాట్లాడి పంపితే, అక్కడ రూములో అందరూ నిద్రపోయాక అతను వినేవాడు. రెండేళ్లకోసారి చుట్టీ మీద వచ్చినప్పుడు పిల్లలు అబ్బాని చూసి అమ్మీ కొంగు చాటున దాక్కునేవాళ్లు. ఈ కథలు మన సాహిత్యంలో కొంత వచ్చాయి. కాని కుటుంబాన్ని తీసుకెళ్లగలిగిన వాళ్ల కథ అంతగా రాలేదు. అకౌంటెంటో, ఇంజనీరో, డాక్టరో అయితే ఫ్యామిలీ వీజా దొరుకుతుంది. వాళ్లు సుఖపడ్డారని మనం అనుకున్నాం. వాళ్లు తెచ్చిన పెట్టెలు చూశాం, సెంటు సీసాలు చూశాం. ఆ ఇళ్లలో గోడలకి పట్టిన భయం మనకి కనపడలేదు.

భార్య పేరు, పిల్లల పేర్లు తండ్రి ఇఖామాకు వేలాడుతుంటాయి. అతని ఉద్యోగం పోతే ఇల్లంతా పోతుంది, పిల్లల చదువుతో సహా. కఫీల్ మొహం బాగుంటే ఇంట్లో నవ్వు, లేకపోతే లేదు. అమ్మీకి అక్కడ చుట్టం లేదు, పక్కింటి తలుపు తెలియదు. 2018 జూన్ దాకా సౌదీలో ఆడవాళ్లు కారు నడపడానికి లేదు. బయటికి పోవాలంటే భర్త డ్యూటీ దిగి రావాలి. శుక్రవారం ఒక్కటే వాళ్లకి వారం మొత్తం. పిల్లలు ఇండియన్ స్కూలుకి పోతారు. జనవరి 26న అక్కడ మూడు రంగుల జెండా ఎగరేస్తారు. పన్నెండో తరగతితో ఆ బడి అయిపోతుంది. ఆ తర్వాత అక్కడి యూనివర్సిటీల్లో పరాయి పిల్లలకి దొరికే చోటు తక్కువ. కొడుకు పెద్దవాడయ్యాక తండ్రి ఇఖామా నీడన ఎల్లకాలం ఉండలేడు. ఉండాలంటే సొంత ఉద్యోగం, సొంత కఫీల్ కావాలి. పుట్టిన ఊళ్లో ఉండటానికి పిల్లవాడు వీజా వెతుక్కోవాలి.

ఒకప్పుడు ఇఖామా చిన్న పుస్తకంలా ఉండేది. ముస్లింలకి ఆకుపచ్చది, మిగతా మతాల వాళ్లకి గోధుమ రంగుది. ఆకుపచ్చది ఉంటే మక్కాకు పోవచ్చు, కాబా చుట్టూ తిరగొచ్చు, మదీనాలో సలాం చెప్పుకోవచ్చు. మా వాళ్లు ఆ రంగు చూసి మురిసిపోయారు. అది మొక్కుకోడానికి ఇచ్చిన అనుమతి మాత్రమే. అందులోనూ గడువు తేదీ రాసి ఉంటుంది. 2017 జూలైలో సౌదీ ప్రభుత్వం పరాయి ఉద్యోగుల మీద ఆధారపడ్డ ప్రతి మనిషికి నెలకు 100 రియాళ్ల ఫీజు పెట్టింది. ఏటా 100 చొప్పున పెంచుతూ 2020కి దాన్ని 400 చేసింది. భార్య, ముగ్గురు పిల్లలు ఉన్నవాడు నెలకు 1600 రియాళ్లు కడితేనే వాళ్ల మొహాలు చూసుకోవచ్చు. ఎంతోమంది కట్టలేక భార్యాపిల్లల్ని ఇంటికి పంపేశారు. ముప్పై ఏళ్ల కింద ఒంటరిగా పోయినవాడు ముప్పై ఏళ్లకి మళ్లీ ఒంటరివాడయ్యాడు. ఈ లెక్కలో కల్మా చదివినవాడికి రాయితీ ఏమీ లేదు.

పౌరసత్వానికి కాగితం మీద దారి ఉంది. సామాన్యుడికి అది అందేది కాదు. 2019లో ప్రీమియం రెసిడెన్సీ అని ఒకటి తెచ్చారు. ఎప్పటికీ ఉండిపోవాలంటే 8 లక్షల రియాళ్లు. ఖతర్ 2020లో, సౌదీ 2021లో యజమాని అనుమతి లేకుండా పని మారే వీలు కొంత కల్పించాయి. అది మంచిదే. పని మారినంత మాత్రాన పరాయితనం మారదు.

మాటల్లోనే ఈ సంగతంతా ఉంది. మన దగ్గర గరీబు అంటే పేదవాడు. ఉర్దూలోంచి తెలుగులోకి కూడా ఆ అర్థంతోనే వచ్చింది. అరబీలో గరీబ్ అంటే పరాయివాడు. పొట్ట చేతపట్టుకుని పోయినవాడికి రెండర్థాలూ సరిపోయాయి. ఇక్కడ గరీబు అని పోతే అక్కడా గరీబే అన్నారు. అజ్నబీ అనే మాట ఉర్దూ గజళ్లలో ఎంత తీయగా ఉంటుంది! అక్కడ ఆఫీసు కిటికీ దగ్గర అజ్నబీ అంటే వేరే లైను. ఇక కఫీల్. ఇస్లాంలో అనాథ బిడ్డని సాకేవాడికి ఆ పేరు. అంత మంచి మాటని తెచ్చి, పాస్‌పోర్టు దాచుకునేవాడికి తగిలించారు.

వీటన్నిటికంటే నన్ను కలవరపెట్టిన మాట 'హిందీ'. అరబ్బుకి మనం ముస్లిమా, హిందువా, సిక్కా అన్నది తర్వాతి సంగతి. ముందు మనం 'హిందీ', అంటే హిందుస్తానీ. ఇక్కడ పుట్టి, ఇక్కడి మట్టిలో తాతముత్తాతల్ని పాతిపెట్టుకున్న వాణ్ణి, నువ్వు హిందుస్తానీవి అవునో కాదో రుజువు చేసుకోమంటారు. అక్కడ రుజువులు అడగరు. మొహం చూసి, నడక చూసి, మాట విని 'యా హిందీ' అని పిలుస్తారు. ఇక్కడ అరబ్బు వైపు వాడంటారు, అక్కడ హింద్ వైపు వాడంటారు. మా దేశభక్తికి సర్టిఫికెట్ కావాలంటే జిద్దా బజారులో అడగండి, వెంటనే ఇస్తారు.

ఇస్లాం చరిత్రే వలసతో మొదలైంది. మన సన్ లెక్క 622లో ప్రవక్త మక్కా వదిలి మదీనా పోయిన రోజుల నుంచి నడుస్తుంది. కట్టుబట్టలతో వచ్చిన ముహాజిర్లని మదీనా అన్సార్లు సోదరులుగా చేర్చుకున్నారు. ఇళ్లు పంచారు, తోటలు పంచారు. అరబ్బుకి అరబ్బు కానివాడి మీద ఏ గొప్పా లేదని ప్రవక్త ఆఖరి హజ్‌లో చెప్పాడు. ఆ మాట చెప్పిన నేలమీదే ఆ మాట అమలు కావడం లేదని అనడానికి మనం ఎందుకు జంకాలి? ఒక రాజ్యాన్ని విమర్శిస్తే దీన్‌ని విమర్శించినట్టు కాదు.

ఇదే కొలత హైదరాబాద్‌కి కూడా పెట్టి చూద్దాం. యెమెన్‌లోని హజ్రమౌత్ నుంచి అరబ్బులు బతుకు కోసం ఈ దక్కనుకి వచ్చారు. నిజాం ఫౌజులో చేరారు. వాళ్ల బ్యారక్సే బార్కస్ అయింది. ఇక్కడి ఆడపిల్లల్ని చేసుకున్నారు, ఇక్కడి మాట నేర్చారు. వాళ్లలో జమీందార్లయినవాళ్లూ ఉన్నారు, కూలీలైనవాళ్లూ ఉన్నారు. 1919 ముల్కి నిబంధనల ప్రకారం బయటివాడు 15 ఏళ్లు ఇక్కడ స్థిరపడి, తిరిగి పోనని అఫిడవిట్ ఇస్తే ముల్కి అయ్యేవాడు. నిజాం రాజ్యం ధర్మరాజ్యం కాదు. వెట్టి చేసినవాళ్లకి, జమీందారు దెబ్బలు తిన్నవాళ్లకి ఆ సంగతి బాగా తెలుసు. 1948 పోలీస్ యాక్షన్ తర్వాత అరబ్బుల్ని పట్టి నిర్బంధించి, కొందర్ని ఓడలెక్కించి పంపేసిన సంగతీ ఉంది. అయినా పరాయివాడు ముల్కి కావడానికి ఇక్కడ ఒక దారి ఉండేది, దానికి ఒక లెక్క ఉండేది. అక్కడ ముప్పై ఏళ్లకి కూడా ఆ దారి తెరుచుకోలేదు.

సౌదీలో 1938లో చమురు పడకముందు డబ్బు ఇటునుంచి అటు పోయేది. హైదరాబాద్ హాజీల కోసం మక్కాలో నిజాం కట్టించిన రుబాత్‌లు అందుకు సాక్ష్యం. 1888లో మొదలైన దాయిరతుల్ మఆరిఫ్ ఉస్మానియా క్యాంపస్‌లోనే ఉంది. అల్ బిరూనీ, అల్ రాజీ లాంటి వాళ్ల అరబీ గ్రంథాల్ని రాతప్రతుల్లోంచి దిద్ది, అచ్చువేసి, లోకానికి అందించింది ఆ సంస్థ. తార్నాక నుంచి అరబ్బు దేశాలకి అరబీ పుస్తకాలు పోయాయి. యెమెన్ నుంచి, ఇరాక్ నుంచి, సూడాన్ నుంచి పిల్లలు చదువుకోడానికి ఈ క్యాంపస్‌కే వచ్చారు. అరబీ వాళ్లదీ, అణకువ మనదీ అన్న లెక్క ఎక్కడిది? పెట్రోలుతో వచ్చిన లెక్క అది.

మా ఖాలా కొడుకు జిద్దాలో పాతికేళ్లు లెక్కలు రాశాడు. అతని కొడుకు అక్కడే పుట్టాడు. 2009లో డిగ్రీ కోసం ఇక్కడికి వచ్చాడు. అది తెలంగాణ ఉద్యమం క్యాంపస్‌ని ఊపేస్తున్న సమయం. ఆర్ట్స్ కాలేజీ ముందు లోకల్, నాన్‌లోకల్ అనే మాటలు మోగుతున్నాయి. అప్పటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఇక్కడ వరసగా నాలుగేళ్లు చదివినవాడు లోకల్. జిద్దాలో చదివినవాడు ఆ లెక్కకి రాడు. ఎన్నారై సీటు కొనాలంటే డాలర్లలో ఫీజు. ఆ పిల్లవాడు నన్ను అడిగాడు: 'చాచా, వీళ్లు ఎవర్ని పొమ్మంటున్నారు? నన్నా?' నిన్ను కాదు బేటా, అన్నాను. 'అక్కడ అజ్నబీ అన్నారు, ఇక్కడ నాన్‌లోకల్ అంటున్నారు. ఎవరైనా అడిగితే నేను ఎక్కడివాణ్ణని చెప్పాలి?' అన్నాడు. వాడికి తెలుగు రాదు. ఇంట్లో ఉర్దూ, బడిలో ఇంగ్లీషు. అరబీ మాత్రం దుకాణం దగ్గర సరిపోయేంత వచ్చు.

వాడికి గది వెతకడానికి తార్నాకలో నాలుగు వీధులు తిరిగాం. టులెట్ బోర్డు ఉంటుంది, గది ఖాళీగానే ఉంటుంది, పేరు చెప్పేదాకా. పేరు చెప్పాక ఇంటాయనకి ఊరినుంచి చుట్టాలెవరో వచ్చేస్తుంటారు. ఒకాయన చదువుకున్న మనిషి, మర్యాదగా కూచోబెట్టి మంచినీళ్లిచ్చాడు. పేరుకి సర్దుకున్నాడు గాని సౌదీ నుంచి అనగానే మొహం మారింది. 'ఈ రోజుల్లో ఎందుకండీ, పోలీసులు వస్తారు' అన్నాడు. ఆ భయం ఎక్కణ్ణుంచి వచ్చింది? 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలినప్పుడు చచ్చిందీ ముస్లింలే, పట్టుకుపోయిందీ ముస్లిం కుర్రాళ్లనే. తర్వాత వాళ్లు నిర్దోషులని తేలింది. ప్రభుత్వమే పరిహారం ప్రకటించాల్సి వచ్చింది. పరిహారం వార్త ఇంటాయనల దాకా వచ్చినట్టు లేదు, అనుమానం మాత్రం వచ్చి కూచుంది.

ఇక్కడ మన లౌకిక మిత్రుల్ని ఒక మాట అడగాలి. తార్నాకలో, హబ్సిగూడలో ఎన్నో ఇళ్ల పిల్లలు అమెరికాలో ఉన్నారు. మంచిదే. వాళ్లలో చాలామంది అక్కడ పౌరసత్వం తీసుకున్నారు. అంటే పాత దేశం మీద విధేయత వదులుకుంటున్నామని ప్రమాణం చేసి, భారత పాస్‌పోర్టు తిరిగిచ్చేశారు. అయినా వాళ్లు మనకి ప్రవాస భారతీయులే. తెలుగు జాతి గర్వకారణాలే. వాళ్లు వస్తే శాలువాలు కప్పుతాం. సౌదీలో ముప్పై ఏళ్లున్న మా ఖాలా కొడుకు లాంటివాళ్లు చచ్చేదాకా భారత పాస్‌పోర్టు తోనే ఉంటారు. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ని ఆక్రమించినప్పుడు అక్కడున్న లక్షకు పైగా భారతీయులు ఎటు చూశారు? అమ్మాన్‌కి వచ్చిన ఎయిరిండియా విమానం వైపు చూశారు. ముస్లింలు కూడా అటే చూశారు. పౌరసత్వం వదులుకున్నవాడి దేశభక్తిని ఎవరూ శంకించరు. వదులుకోనివాడు మాత్రం రోజూ రుజువు చూపాలి. ఇది ఏ న్యాయం?

మా ఇంట్లో కూడా ఊడ్వాల్సిన చెత్త ఉంది. గల్ఫ్ డబ్బు వచ్చాక మాలో కొందరికి అరబ్బు కావాలనే మోజు పట్టుకుంది. పల్లెలో తెలుగు మాట్లాడే ముస్లింని, దూదేకులవాణ్ణి, పీర్ల పండక్కి నిప్పుల గుండం తొక్కేవాణ్ణి చూసి, నువ్వు సరైన ముస్లింవి కాదనడం మొదలెట్టారు. అక్కడ తమని చిన్నచూపు చూసినవాడి గొంతునే ఇక్కడ తమకంటే పేదవాడి మీద వాడారు. 1991లో హైదరాబాద్ నుంచి ఢిల్లీ పోతున్న విమానంలో, ముసలి సౌదీ షేక్‌కి కట్టబెట్టిన ఒక చిన్నపిల్ల ఏడుస్తుంటే ఎయిర్‌హోస్టెస్ ఆపింది. ఆ నిఖా చదివినవాళ్లు, దలాలీ తిన్నవాళ్లు మనవాళ్లే. పేదరికం అని సరిపెట్టుకోలేం. షేక్ అంటే ఉన్న గులాంగిరీ కూడా అందులో ఉంది. కరీంనగర్ మాదిగ, నిజామాబాద్ పద్మశాలి అదే లేబర్ క్యాంపులో పక్క మంచం మీద పడుకుంటే, అతని కష్టం మన మసీదు మాటల్లోకి ఎప్పుడైనా వచ్చిందా? నిజంగా అక్కడ మన బిరాదరీ అతనే గాని కఫీల్ కాదు.

మనిషికి నేలతో ఉండే సంబంధం ఒకటి కాదు, మూడు. అన్నం పెట్టే నేల ఒకటి, మొక్కే నేల ఒకటి, హక్కున్న నేల ఒకటి. అదృష్టవంతులకి మూడూ ఒకే చోట దొరుకుతాయి. చాలామందికి దొరకవు. అమెరికా తెలుగువాడికి అన్నం టెక్సాస్‌లో ఉంది, మొక్కు తిరుపతిలో ఉంది. దాన్ని ఎవరూ ద్రోహం అనరు. మాకూ అంతే. అన్నం జిద్దాలో దొరికింది. ఆ ఉప్పు తిన్నాం, కృతజ్ఞత ఉంది. ఆ డబ్బుతో చెల్లెళ్ల పెళ్లిళ్లయ్యాయి, ఇళ్లు లేచాయి. మొక్కు మక్కాలో ఉంది. అది చచ్చేదాకా ఉంటుంది. హక్కు మాత్రం ఇక్కడే ఉంది. ఈ మూడిట్లో వతన్ అని దేన్నంటాం? అన్నం పెట్టే చోటు మారుతుంది. మొక్కే చోటుకి పోయి రావొచ్చు. హక్కున్న చోటు ఒక్కటే మనల్ని మనుషులుగా నిలబెడుతుంది. మనం గొంతెత్తి కొట్లాడగలిగే చోటు, ఓటుతో సర్కారుని దించగలిగే చోటు, తప్పుని తప్పని అన్నందుకు ఎవడూ పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ ముద్ర కొట్టలేని చోటు వతన్.

అందుకే 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చినప్పుడు మేం అంత కలవరపడ్డాం. ఈ దేశంలో పౌరసత్వం ఇచ్చే లెక్కలోకి మతాన్ని మొదటిసారి తెచ్చింది ఆ చట్టం. జిద్దా ఆస్పత్రిలో అరబీలో రాసిచ్చిన పుట్టుక కాగితాలు, పాత పాస్‌పోర్టులు బీరువాల్లోంచి బయటికి తీసి చూసుకున్న ఇళ్లు నాకు తెలుసు. మతం చూసి వతన్ పంచాలనేవాళ్లకి ఎడారి దేశం ఒక పాఠం చెబుతుంది. మతం పేరు మీద నడిచే రాజ్యం కూడా ఆ మతంవాడికి చోటివ్వలేదు. మనిషికి చోటిచ్చేది సమాన హక్కు ఒక్కటే. ఆ హక్కుని ఇక్కడ తీసేస్తే రేపు ఇదీ ఒక ఇఖామా దేశమే అవుతుంది. ఈ రోజు ముస్లింకి, రేపు ఇంకొకరికి కఫీల్ కావాల్సి వస్తుంది.

నా దగ్గరికి వచ్చిన ఆ పిల్లవాడి ప్రశ్నకి నేనిచ్చిన జవాబే ఇక్కడా రాస్తున్నాను. బేటా, నువ్వు పుట్టింది జిద్దాలో. నీది ఈ మట్టి. ఇక్కడ నిన్ను నాన్‌లోకల్ అన్నవాడితో నువ్వు వాదించొచ్చు, కోర్టుకి పోవచ్చు, ఆర్ట్స్ కాలేజీ మెట్లమీద నిలబడి నినాదం ఇవ్వొచ్చు. అక్కడ ఆ పని చేయలేవు. తేడా అంతే, కాని అంతా ఆ తేడాలోనే ఉంది. తెలుగు నేర్చుకో. గది దొరికేదాకా నా దగ్గర ఉండు. గది ఇవ్వనివాణ్ణి చూసి ఇది నా దేశం కాదనుకోకు. దేశం ఆ ఇంటాయన సొత్తు కాదు.

పడమటికి తిరిగి నమాజు చేస్తాం. చేస్తూనే ఉంటాం. నిలబడేది మాత్రం ఈ నేలమీదే. సజ్దాలో నుదురు ఆనేది ఈ మట్టికే.